గంట మూడుసార్లు మోగితే

గుర్రపుడెక్క ముద్ద ఒకటి నది మధ్యలో ఆగిపోయింది. ప్రమాదం ఉందని నాకు మొదట తోచింది ఆ క్షణంలోనే.

అప్పటిదాకా అది మా ఓడ పక్క నుంచి పోటుతో పాటు ఉత్తరానికి తీరిగ్గా తేలుతూ పోతోంది. ఉప్పునీళ్లకు సగం చచ్చి గోధుమరంగుకు తిరిగిన ఆకులు, వాటి మీద ఒక తెల్ల కొంగ. నేను మధ్య డెక్ మీద కమ్మీకి ఆనుకుని, జ్వరం తగ్గి నిద్రపోతున్న మా చిన్నవాడిని భుజాన వేసుకుని దాన్నే చూస్తున్నాను. ముద్ద నెమ్మదించింది. ఆగింది. కొంగ ఏదో గుర్తొచ్చినట్టు మెడ ఎత్తింది. కాసేపు నది ఎటూ పోలేదు. అంత నీరు, అంత వెడల్పు, పళ్లెంలో పోసినట్టు ఊరికే ఉంది. తర్వాత ఎవరో వెనక్కి పిలిచినట్టు ఆ ముద్ద దక్షిణానికి, సముద్రం వైపు కదిలింది.

పోటు అయిపోయి ఆటు మొదలైంది. ఎదురుగా మడ అడవికీ ఊరి గట్టుకీ మధ్య ఒక ఖాల్ ఉంది. నదిలో కలిసే సన్న పాయని అక్కడ ఖాల్ అంటారు. నీళ్లు తిరగకముందే అందులోంచి బయటికి రావాల్సిన పడవ రాలేదు. ఆ పడవలో పదిమంది దాకా మా ప్రయాణికులు, మా అత్తగారు, ఎనిమిదేళ్ల మా అమ్మాయి టుంపా ఉన్నారు.

ఎవరి కోసం

ముప్పై అయిదేళ్లకి రిటైరయ్యానంటే నవ్వుతారు. కానీ నేను వదిలేసిన పని మళ్లీ చెయ్యబోను, కాబట్టి నా లెక్కలో నేను రిటైరైనదాన్నే. కలకత్తా నుంచి బయల్దేరి, సుందర్‌బన్ పాయల్లోంచి సరిహద్దు దాటి, బంగ్లాదేశ్ నదుల్లోకి పోయే ప్రయాణికుల ఓడ మీద తొమ్మిదేళ్లు పనిచేశాను. చిన్నవాడు బడికి వెళ్లే ఈడు వచ్చింది, షిప్‌యార్డులో మా ఆయన షిఫ్టులు మారాయి, నేను ఆగిపోయాను. అంతకు మించి పెద్ద కథ లేదు.

మా తాత శ్రీకాకుళం తీరం నుంచి కలకత్తా గార్డెన్ రీచ్ రేవుకి మూటలు మొయ్యడానికి వచ్చాడు. మా నాన్న అదే రేవులో క్రేన్ నడిపాడు. నీళ్ల పక్క పని మా ఇంట్లో కొత్త కాదు. నీళ్ల మీద, యూనిఫామ్ చీర కట్టుకుని, మనుషులకి నవ్వుతూ దారి చూపించే పని మాత్రం నాతోనే మొదలు. ఇప్పుడు మా చిన్నాన్న కూతురు రమ్య అదే ఓడలో, అదే పనిలో చేరుతోంది. "అక్కా, ఏటి చెయ్యాలే అక్కడ?" అని అడిగింది. ఏటి చెయ్యాలో కంపెనీ వాళ్లు నేర్పుతారు. వాళ్లు నేర్పనివి కొన్ని ఉన్నాయి. రమ్య తెలుగు కూడబలుక్కుని చదువుతుంది. అయినా తెలుగులోనే రాస్తున్నాను. భయం గురించి ఇంకో భాషలో చెప్పడం నాకు చేతకాదు.

పిల్లలు పడుకున్నాక, వంటింటి బల్ల మీద రాస్తున్నాను. మధ్యమధ్య లేచి వాళ్ల దుప్పట్లు సర్ది వస్తున్నాను. అవి జారకపోయినా.

ఈ పని ఏమిటంటే

కాగితాల మీద ఈ ఉద్యోగానికి ఇంగ్లీషు పేరు ఏదో ఉంది. ఓడ మీద నన్ను లక్ష్మీదీదీ అనేవారు, అంతే. గదులు చూపించడం, భోజనాలు పెట్టించడం, పాస్‌పోర్టులు పోగుచేసి స్టాంపులు వేయించడం, కడుపులో తిప్పితే నిమ్మకాయ కోసి ఇవ్వడం. ఇవన్నీ వారంలో వచ్చేస్తాయి.

అసలు పని వేరే. ఓడ ఎక్కిన రోజు రాత్రికే మనుషులు మెత్తబడిపోతారు. విమానంలో దేశం దాటినవాడు దిగగానే ఇంకో ఊళ్లో ఉంటాడు. నది మీద అలా కాదు. రెండు పక్కలా అదే అడవి, అదే బురద, అవే ఎర్ర పీతలు. ఏ వంపు దగ్గర ఒక దేశం అయిపోయి ఇంకోటి మొదలైందో కళ్లకి తెలియదు. ఒక పడవలోంచి అవతలి వాళ్లు మన కలకత్తా బెంగాలీలోనే "టీ తాగారా" అని కేకేస్తారు. ఆ మెత్తదనంలో జనం జాగ్రత్త మరిచిపోతారు. చెప్పుల్లేకుండా తిరుగుతారు, కమ్మీ మీద కూర్చుంటారు, ఎప్పుడో పోయిన తల్లి గురించి ముక్కూమొహం తెలియని వాళ్లకి చెప్పుకుంటారు. వాళ్లని ఆ కలలోంచి లేపకుండా, నీళ్లలో పడకుండా చూడడం మన పని. రెండిట్లో ఏది కష్టమంటే నేను చెప్పలేను.

రెండు గడియారాలు

సరిహద్దు అవతల టైము మనకంటే అరగంట ముందు. ఘాట్ దగ్గర స్టాంపులు పడగానే పైనున్న స్టీరింగు గదిలో గోడ గడియారాన్ని సారెంగ్ స్వయంగా అరగంట ముందుకి తిప్పేవాడు. సారెంగ్ అంటే ఓడ నడిపే పెద్ద. మా సారెంగ్ సాహెబ్ మాట తక్కువ మనిషి. గడియారం తిప్పాక అద్దాన్ని లుంగీ అంచుతో తుడిచి, కొత్త రోజుని మొదలుపెట్టినట్టు ఒకసారి దగ్గేవాడు.

ఫోన్లు మాత్రం మారవు. ఆ అడవి పాయల్లో మన సిగ్నల్ ఉండదు, వాళ్లది దొరకదు. ఫోన్లన్నీ కలకత్తా టైములోనే ఉండిపోతాయి.

నేను చేరిన కొత్తల్లో కలకత్తా భవానీపూర్ నుంచి ఒక పెద్దాయన ఒంటరిగా వచ్చారు. వాళ్ల నాన్నగారి ఊరి ఘాట్ మా దారిలోనే ఉంది. తెల్లవారుజామున అయిదింటికి దాని ముందు నుంచి పోతాం, లేపమని అడిగారు. ఏ అయిదు అని అడిగాను. ఆయన ఆలోచించి, "మా నాన్న అయిదు" అన్నారు. పైకి వెళ్లి సారెంగ్‌తో చెబితే, ఆ ఘాట్ లేదమ్మా, నది కోసుకుపోయి చాలా ఏళ్లయింది, ఎందుకు లేపడం అన్నాడు. నేను సందిగ్ధంలో పడ్డాను. లేపితే ఆయనకి ఖాళీ నీళ్లు చూపించాలి. చివరికి లేపాను. సారెంగ్ ఇంజను తగ్గించాడు. బూడిదరంగు వెలుతురులో నీళ్లు, ఇంకా నీళ్లు. పెద్దాయన శాలువా కప్పుకుని చాలాసేపు చూసి, "ఇంత వెడల్పు ఉండేది కాదని చెప్పేవాడు నాన్న" అన్నారు. తర్వాత టీ అడిగారు. ఆ టీ అంత ఇష్టంగా తాగిన ప్రయాణికుడిని మళ్లీ చూడలేదు.

లేపమన్నవాళ్లని లేపాలి, రమ్యా. అక్కడ ఏముందో ఏం లేదో తేల్చడం మన పని కాదు.

కంచు గంట

మా ఓడ మీద భోజనానికి కంచు గంట కొట్టేవాళ్లం. ఒకసారి కొడితే టీ, రెండుసార్లు కొడితే భోజనం. మూడుసార్లు కొడితే, ఎక్కడున్నవాళ్లు అక్కడే కూర్చోవాలి.

మూడోది ఎందుకంటే, ఒడ్డున జింక కనబడితే చాలు, అందరూ ఒక్కసారిగా ఆ పక్కకి పరిగెత్తుతారు. నది ఓడల అడుగు నీళ్లలోకి లోతుగా దిగదు. సన్నపాయ మలుపులో అంత బరువు ఒక పక్కకి పడితే ఓడ వాలుతుంది. అప్పుడు "దయచేసి మీ మీ స్థానాలకు" అని మైకులో అంటే ఎవరూ వినరు. ఎక్కిన మొదటి పూటే నేను అందరినీ నిలబెట్టి మూడుసార్లు కొట్టి కూర్చోబెట్టేదాన్ని. పెద్దపెద్ద ఆఫీసర్లు, ప్రొఫెసర్లు నవ్వుతూ నేలమీద చతికిలబడేవాళ్లు. ఇంట్లో మా పిల్లలకి కూడా అదే ఆట. గరిటెతో గిన్నె మీద మూడుసార్లు కొడితే, మంచం కింద ఉన్నవాడు మంచం కిందే కూర్చోవాలి.

సాల్ట్ లేక్ ఆఫీసులో మా పైమేనేజరు ఒకాయన ఉండేవాడు. చెడ్డవాడు కాదు. మంచి షర్టులు వేసుకునేవాడు, జీతాలు ఆపేవాడు కాదు. కానీ ఆయనకి నది అంటే కిటికీలోంచి కనబడే బొమ్మ. ఆ గంట బడిగంటలా ఉందని, మన స్థాయికి తగదని తీసేయించాడు. స్పీకర్లలో వీణ లాంటి చప్పుడేదో పెట్టించాడు. మూడుసార్లు కొట్టి కూర్చోబెట్టే ఆటైతే పూర్తిగా వద్దన్నాడు. డబ్బిచ్చి ఎక్కినవాళ్లని భయపెట్టకూడదట. నేను వాదించాను, ఓడిపోయాను. సారెంగ్ వాదించలేదు. గంటని తీసుకెళ్లి స్టీరింగు గది బయట కొక్కేనికి తగిలించాడు. అది అలంకారానికట. నేను మాత్రం మొదటి పూట ఆట మానలేదు. ఇలాంటి పైవాళ్లు నీకూ వస్తారు. వాళ్లతో పోట్లాడి లాభం లేదు, వాళ్లు తీసెయ్యమన్నదాన్ని పారెయ్యకుండా ఎక్కడో తగిలించి ఉంచు.

పడవ వెళ్లడం

ఏడాదికోసారి సిబ్బంది తమ ఇంటివాళ్లని ఓడలో తీసుకుపోవచ్చు. ఆ శీతాకాలం మా అత్తగారినీ పిల్లలనీ తీసుకెళ్లాను. అప్పటిదాకా నేను ట్రిప్పుకి వెళ్లిన ప్రతిసారీ పిల్లలకి ఒకటే మాట చెప్పి వెళ్లేదాన్ని. అమ్మకి ఓడ మీంచి కూడా అంతా కనబడుతుంది, గోడ వెనక ఉన్నా కనబడుతుంది, బిస్కెట్ల డబ్బా ముట్టుకుంటే తెలిసిపోతుంది అని. ఊళ్లో లేని తల్లికి అంతకంటే వేరే చేతికర్ర లేదు. వాళ్లు నమ్మారు.

స్టాంపులు పడి, గడియారం తిరిగిన మధ్యాహ్నం టుంపా నన్ను అడిగింది, "అమ్మా, ఆ అరగంట ఎక్కడికెళ్లింది?" అని. నదిలో పడిపోయిందనీ, తిరుగు ప్రయాణంలో ఇచ్చేస్తుందనీ చెప్పాను.

ఆ రోజు ఖాల్ లోపలి ఊళ్లో సంత. ప్రయాణికులని మోటారు పడవలో తీసుకెళ్లి, సంత చూపించి, తేనె కొనిపించి తీసుకురావడం మా కార్యక్రమంలో భాగం. మిత్రాదా అని, ఈ ఒడ్డు తిరుగుళ్లు చూసే మనిషి వెంట వెళ్లేవాడు. యాభై దాటిన కలకత్తా బాబు, గొంతు తియ్యన, ప్రతి ఊరికీ ఒక కథ తెలుసు. వెళ్లే ముందు సారెంగ్ ఆయనకి ఒకటే చెప్పాడు, నాలుగు దాటకుండా ఓడ దగ్గరుండాలని. పౌర్ణమి దగ్గర పోటు ఎంత ఎత్తుకి వస్తుందో అంత జోరుగా దిగుతుంది. ఆ ఖాల్ నోటి దగ్గర బురద దిబ్బ ఉంది. చిన్నవాడికి ఒళ్లు వెచ్చగా ఉందని నేను ఆగిపోయాను. అత్తగారు మంకీ క్యాప్ పెట్టుకుని, టుంపా చెయ్యి పట్టుకుని పడవెక్కారు.

గుర్రపుడెక్క ఆగిన ఆ క్షణంలో నేను తలెత్తి స్టీరింగు గది వైపు చూశాను. అద్దంలోంచి గోడ గడియారం కనబడింది. నాలుగు. పడవ లేదు. ఫోను తీశాను. మూడున్నర.

అప్పుడు మిత్రాదా చేతి వాచీ కళ్లముందు కదిలింది. తోలు పట్టీ వాచీ. ఆయన దాన్ని ఎప్పుడూ తిప్పడు. ఏ దేశంలో ఉన్నా అందులో కలకత్తా టైమే. ఆయన లెక్కలో ఇంకా అరగంట ఉంది.

నదిలో నీళ్లు నిలబడ్డాయంటే, సన్న ఖాల్‌లో అప్పటికే దిగుతున్నాయని అర్థం.

టీ

సారెంగ్‌కి చెప్పాను. ఆయన నన్ను తిట్టలేదు, మిత్రాదాని తిట్టలేదు. వాకీటాకీ నొక్కి చూశాడు, గరగర తప్ప ఏమీ లేదు. డెక్ పని చేసే ఇద్దరు ఖలాసీలని చిన్న తెడ్ల డింగీ దింపమన్నాడు. నేనూ వెళ్తానన్నాను. "నువ్వు కూర్చుంటే, వచ్చేటప్పుడు ఒకళ్లు తక్కువ కూర్చుంటారు బేటీ" అన్నాడు. 

డింగీ దిగేలోపే పొగమంచు లేచింది. అక్కడి మంచు దూరం నుంచి రాదు, నీళ్లలోంచే లేస్తుంది. ముందు కొంగలు మాయమయ్యాయి, తర్వాత ఒడ్డు, తర్వాత ఖాల్ నోరు. డింగీ తెడ్ల చప్పుడు కాసేపు వినబడి అదీ పోయింది. ప్రపంచంలో మా ఓడ ఒక్కటే మిగిలినట్టుంది, దీపాలు వెలిగించుకుని, పాలలో వేసిన ఇత్తడి బొమ్మలా. ఇంకెప్పుడైనా అయితే అందంగా ఉందనేదాన్ని. ప్రయాణికులు అన్నారు కూడా. ఒకావిడ ఫొటోలు తీసుకుంది.

నేను టీ ఇచ్చాను. ఇది రాయడానికే ఇంత దూరం వచ్చాను. నా కూతురు ఆ తెల్లదనం వెనక ఎక్కడో, ఒక పక్క పెద్దపులులుండే అడవి, ఇంకో పక్క నడుము లోతు బురద ఉన్నచోట ఉంది. నేను చిన్నవాడిని బెంచీ మీద పడుకోబెట్టి, ట్రే పట్టుకుని, చక్కెర ఎంత అని అడుగుతూ తిరిగాను. పడవ ఏదీ అని అడిగితే, కొంచెం ఆలస్యమవుతోంది అన్నాను. ఓడలో ఒక్కడు భయపడితే అందరూ ఒక పక్కకి పరిగెత్తుతారు. ఒకాయన టీ చల్లారిందని కసిరాడు. క్షమించండి అని వేడిది తెచ్చాను. ఆయన మీద నాకు కోపం లేదు. ఆ నిమిషంలో నా చేతులకి పని ఇచ్చిన మనిషి ఆయనొక్కడే.

మనం ఇక్కడే ఉన్నామని పడవలో వాళ్లకి తెలియాలి అని సారెంగ్ హారన్ మోగించాడు. పొడవైన హారన్. ఓడ మొత్తం వణికింది. చిన్నవాడు లేచి ఏడ్చాడు. మళ్లీ మోగించాడు.

రెండో హారన్ ఆగాక వచ్చిన నిశ్శబ్దంలో, దూరంగా కేకలు వినబడ్డాయి. మాటలు తెలియలేదు, కేకలు మాత్రమే. తర్వాత అవీ లేవు.

నేను చిన్నవాడిని ఎత్తుకునే పైకెక్కాను. సారెంగ్ మూడోసారి హారన్ తాడు పట్టుకున్నాడు. ఎందుకో తెలియదు, వద్దు అన్నాను. కొక్కేనికి వేలాడుతున్న కంచు గంట నాలుక పట్టుకుని మూడుసార్లు కొట్టాను. ఆగి మళ్లీ మూడు. మళ్లీ మూడు. సారెంగ్ నన్ను ఆపలేదు. హారన్ తాడు వదిలి, చిన్నవాడిని నా చేతుల్లోంచి తీసుకున్నాడు.

దిబ్బ మీద

అక్కడ ఏం జరిగిందో తర్వాత ముక్కలు ముక్కలుగా తెలిసింది.

మిత్రాదా తన వాచీ ప్రకారం వేళకే బయల్దేరదీశాడు. తేనె బేరం దగ్గర ఇంకాస్త ఆలస్యమైంది. ఖాల్ నోటి దగ్గరికొచ్చేసరికి పడవ అడుగు దిబ్బ మీద కూర్చుండిపోయింది. నీళ్లు చూస్తుండగానే జారుకున్నాయి. ఏం ఫరవాలేదు, మళ్లీ పోటు వస్తుందని మిత్రాదా కథ మొదలుపెట్టాడట. మంచు కమ్ముతున్నా జనం వింటూనే కూర్చున్నారట. అప్పుడు మా హారన్ వినబడింది.

ఓడ వెళ్లిపోతోంది అన్నారెవరో.

అందరూ లేచారు. అరిచారు. గట్టు ఎంతో దూరం లేదు, నడిచిపోదాం అని ఒక పెద్దమనిషి ప్యాంటు మడిచి ఒక కాలు పడవ అంచు దాటించాడు. ఆయన వెనక మిగతావాళ్లూ అదే పక్కకి తోసుకొచ్చారు. పడవ వాలింది. ఆయన కాలు మోకాలి దాకా బురదలోకి పోయింది, ఇంకా పోతోంది.

గంట అప్పుడు వినబడింది. స్పీకర్లో వీణ అయితే డెక్ దాటేది కాదు.

మా టుంపా ఠక్కున పడవ అడుగున చతికిలబడింది. ఆలోచించి కాదు, ఇంట్లో గిన్నె మోగితే కూర్చున్నట్టే. కూర్చుని బెంగాలీలో గట్టిగా అరిచింది, "బొషో, శొబాయ్ బొషో! మా బొల్ఛే!" అందరూ కూర్చోండి, అమ్మ చెబుతోంది. మొదటి పూట నేను ఆడించిన ఆట వాళ్లకీ గుర్తొచ్చింది. ఒకళ్ల తర్వాత ఒకళ్లు కూర్చున్నారు. పడవ సర్దుకుంది. మా అత్తగారు ఆ పెద్దమనిషి చొక్కా వెనక నుంచి పట్టుకుని లాగారు. కాలు వచ్చింది, బూటు రాలేదు.

గంట ఇంకా మోగుతుండగానే డింగీ వచ్చి వాళ్లని చేరింది. ఖలాసీలు పడవలోని చెక్క పలకలు ఊడదీసి బురద మీద పరిచి, ఒక్కొక్కరినీ వాటి మీద కూర్చోబెట్టి జారుస్తూ డింగీలోకి చేర్చారు. రెండు మూడు దఫాలుగా తెచ్చారు. మొదటి దఫాలో టుంపా వచ్చింది. ఒళ్లంతా బురద, చేతిలో తేనె సీసా. నేను టుంపాని పట్టుకున్నాను. అంతకంటే రాయలేను.

అత్తగారు చివర వచ్చారు. మంకీ క్యాప్ చెక్కు చెదరలేదు. నిచ్చెన ఎక్కుతూ, "పెళ్లికి పల్లకీ ఎక్కలేదే నాను. ముసిలితనాన పలకెక్కించి ఈడ్చినారు, చేపల గంప ఈడ్చినట్టు" అన్నారు. తర్వాత పైకొచ్చి నా మొహం చూసి, నా చేతులు చూసి, చిన్నగా అన్నారు, "ఏటే, ఇంకా కొడతనే ఉన్నావా?"

మొదటి దఫా వాళ్లు ఎక్కాక కూడా నేను మళ్లీ పైకి వెళ్లి కొడుతూనే ఉన్నానట, ఆఖరి మనిషి ఎక్కేదాకా.

మిత్రాదా వాచీ

ఆఫీసు వాళ్లు మిత్రాదాని ఉద్యోగంలోంచి తీసేద్దామన్నారు. సారెంగ్ ఒప్పుకోలేదు. నేనూ ఒప్పుకోలేదు.

ఆయన నాకు వాచీ సంగతి చెప్పాడు. ఇంట్లో భార్య ఒక్కర్తే ఉంటుంది. పిల్లల్లేరు. వాచీ చూసినప్పుడల్లా ఇప్పుడు మొక్కలకి నీళ్లు పోస్తోంది, ఇప్పుడు రేడియో పెట్టింది, ఇప్పుడు నా గురించి విసుక్కుంటోంది అని అనుకుంటాడు. ముల్లు తిప్పితే ఆవిడ తప్పిపోయినట్టుంటుంది అన్నాడు. నవ్వలేకపోయాను. నా ఫోన్లోనూ కలకత్తా టైమే ఉంచుకునేదాన్ని, సిగ్నల్ ఉన్న ఊళ్లలో కూడా, మార్చనివ్వకుండా. బడి వదిలారు, ఆటో ఎక్కారు, అత్తగారు అన్నం కలుపుతున్నారు. ఇల్లు వదిలి నీళ్ల మీద బతికేవాళ్లందరూ ఇలాగే ఏదో ఒక చోట ఇంటి టైముని దాచుకుంటారు. నువ్వూ దాచుకుంటావు, రమ్యా. దాచుకో. కానీ మణికట్టు మీద మాత్రం నది టైము పెట్టుకో. ఇంటిది సంచీలో ఉండనీ.

మిత్రాదా ఆ తర్వాత రెండు వాచీలు పెట్టుకున్నాడు. జనం నవ్వేవాళ్లు. మేనేజరు గంటని మళ్లీ భోజనాల గది ముందుకి తెప్పించాడు. అదేదో తనకే తోచినట్టు మాట్లాడాడు. మాట్లాడనిచ్చాం.

ఇంకొక్క మాట. ఓడెక్కినవాళ్లు మనల్ని ధైర్యవంతులనుకుంటారు. ఈ పనిలోకి ధైర్యం ఉన్నవాళ్లే రావాలని లేదు. నేను పుట్టు పిరికిదాన్ని. దుప్పటి జారిందేమోనని రాత్రికి నాలుగుసార్లు లేచే మనిషిని. నది ఆగడం ఆ సాయంత్రం అందరూ చూసే ఉంటారు, చాలా అందంగా ఆగింది. నేను దాన్ని చూసి భయపడ్డాను. ఆ భయం ఈ పనికి పనికొచ్చింది.

మర్నాడు పొద్దున్న

మర్నాడు మంచు విడిచేసరికి మా ఓడ పెద్ద నదిలో ఉంది. ఎండ ఇంకా పలచగా ఉంది. చేపల పడవలు నిద్రలో నడుస్తున్నట్టు పోతున్నాయి. పిల్లలిద్దరినీ వెనక డెక్ మీద కూర్చోబెట్టి పాలు ఇచ్చాను. టుంపా గోళ్లలో ఇంకా బురద ఉంది. అది ఒడ్డు చూడడం లేదు, నన్నే చూస్తోంది.

"అమ్మా, మేం లేచామని నీకెలా తెలిసింది?"

చిన్నవాడు నాకంటే ముందే జవాబు చెప్పేశాడు. "అమ్మకి గోడ వెనకున్నా కనబడతాది కదే."

అవునంటే సరిపోయేది. ఇద్దరూ నమ్మేవాళ్లు, ఇంకో నాలుగేళ్లు నిశ్చింతగా నమ్మేవాళ్లు. ఆ నమ్మకం నాకెంత పనికొచ్చేదో నాకు తెలుసు. కానీ ఆ మంచులో గంట విని ముందు కూర్చున్నది ఎవరో కూడా నాకు తెలుసు.

"నాకేటీ కనబడలేదమ్మా" అన్నాను. "మీరు లేచినట్టు తెలీదు, కూర్చున్నట్టు తెలీదు. భయమేసింది, గంట కొట్టాను. అందర్నీ కూర్చోబెట్టింది నువ్వు."

టుంపా పాలు ఒక గుక్క తాగింది. గ్లాసు పట్టుకుని నీళ్ల వైపు తిరిగింది. చిన్నవాడు మాత్రం నన్ను వదల్లేదు.

"అయితే ఇంట్లో ఉన్నప్పుడు కూడా కనబడదా?"

"ఇంట్లో కూడా కనబడదురా" అన్నాను.